పొర్లవలసిన ఇల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న సోమలింగం, రాట్నం ముందు కండెలు చుడుతున్న అతని భార్య మల్లేశ్వరి, గడప పక్కన గోడకు చేరగిలబడి చింతపండులో గింజలు తీస్తున్న అతని తల్లి రామలింగమ్మ, బియ్యం డబ్బా వెనక మూడు కూనల్ని పెట్టుకుని పడుకున్న పిల్లి, దండెం మీద ఆరేసిన దుప్పటి వెనక నిలబడ్డ అతని కూతురు చౌడేశ్వరి.

చౌడేశ్వరి దుప్పటి వెనక ఎందుకుందంటే, ఇంటికి ఎవరో వచ్చారు గనక. ఎవరొచ్చినా ఆ పిల్ల దుప్పటి వెనకే ఉంటుంది. దుప్పటి లేకపోతే తలుపు వెనక, తలుపు కూడా లేని చోట నాయనమ్మ వెనక. పదో తరగతిలో మండలం మొత్తానికి రెండో స్థానం తెచ్చుకుంది గానీ, బహుమతి ఇస్తాం స్టేజీ మీదికి రమ్మంటే ఆ పూటకి జ్వరం తెచ్చుకుంది. బహుమతిని ఇంటికి పంపారు.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు వల్లూరివారిపాలెం గ్రామ కార్యదర్శి సునంద. ఆవిడ చేతిలో రిజిస్టరు, సుత్తి, నాలుగు మేకులు, ఒక నీలం రంగు రేకు ఉన్నాయి. రెండోవారు జిల్లా మూలార్థాధికారి అనంతపద్మనాభం గారు. ఆయన చేతిలో ఏమీ లేదు. అంత పెద్ద ఉద్యోగం ఆయనది.

"అమ్మా, మీ గృహమునకు ఒక ఇంగ్లీషు క్రియ కేటాయించబడినది," అన్నారాయన.

రామలింగమ్మ చింతపండు పక్కనబెట్టి చేతులు దులుపుకుంది. "ఇల్లు శాంక్షనవుద్దని రెండేళ్ళ నుంచీ చూస్తన్నాం నాయనా. ఇదేంటి, దానికి ముందొచ్చేదా?"

"ఇది దానికన్నా శాశ్వతమైనది," అన్నారు అధికారి.

సంగతి ఇదీ. కిందటేడు జిల్లాలో పిల్లలు చాలామంది ఇంగ్లీషులో తప్పారు. కారణం కనుక్కోవడానికి పెద్దవాళ్ళు మూడు రోజుల పాటు ఒక చల్లటి హాల్లో కూర్చున్నారు. బళ్ళో టీచర్లు లేకపోవడం కారణం కాదని మొదటిరోజు తేల్చారు. పుస్తకాలు సంక్రాంతి దాటాక రావడం కారణం కాదని రెండోరోజు తేల్చారు. మూడోరోజు భోజనాలయ్యాక అసలు కారణం దొరికింది. పిల్లలకు మాటల అర్థాలు తెలుస్తున్నాయి గానీ ఆ మాటలు ఎక్కడ పుట్టాయో, పుట్టినప్పుడు వాటి అర్థమేమిటో తెలియడం లేదు. దాంతో మూలార్థ పునరుద్ధరణ శాఖ పుట్టింది. ఇంటికో క్రియ, క్రియకో మూలం అన్నది దాని నినాదం. గోడల మీద రాశారు కూడా.

సునంద గుమ్మం పక్కన రేకు పెట్టి మేకులు కొట్టింది. దాని మీద తెల్లటి అక్షరాలతో 'వాక్' అని ఉంది.

"వాక్ అంటే నడవడమే గదా బాబూ?" అంది రామలింగమ్మ. ఆ మాత్రం ఇంగ్లీషు ఆవిడకు మనవరాలి వల్ల వచ్చు.

"ప్రస్తుతానికి అంతే."

"నడవడానికి మాకు రేకెందుకు? పుట్టిన ఏడాదికల్లా నడిచాంగా అందరం."

"నడిచారమ్మా, కాదనను. కాకపోతే తప్పుగా నడిచారు," అన్నారు అధికారి.

రామలింగమ్మ తన డెబ్బై ఏళ్ళ నడకనూ ఒక్కసారి తలుచుకుంది. తప్పెక్కడ జరిగిందో అంతుపట్టలేదు.

అధికారి జేబులోంచి కాగితం తీసి చదివారు. "సదరు క్రియ సుమారు వెయ్యేళ్ళ క్రిందట ఇంగ్లండు దేశమున వాడుకలోనున్నప్పుడు దాని అర్థము పొర్లుట, దొర్లుట. సముద్రమున అలలు దొర్లుటను సైతము ఆ మాటతోనే చెప్పెడివారు. తదుపరి జనుల అజాగ్రత్త వలన అది ఊరూరా తిరుగుటకును, అటుపిమ్మట కేవలము కాళ్ళతో పోవుటకును దిగజారినది."

"ఎవరి అజాగ్రత్త?"

"జనులది."

"ఏ ఊరి జనం?"

"ఇంగ్లండు జనం."

"మరి ఆళ్ళిళ్ళకి పోయి కొట్టాల్సింది గదా బాబూ ఈ రేకు."

"వారు మన జిల్లా పరిధిలోకి రారమ్మా," అన్నారు అధికారి ఎంతో బాధగా.

దుప్పటి వెనక చౌడేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అధికారి అటు తిరిగి, "గాలికి బట్ట కదులుతున్నది," అని సునందతో అన్నారు. సునంద అవునంది.

మొదటి పక్షం రోజులూ ఊళ్ళో అందరికీ సరదాగానే ఉంది. ఎవరి గుమ్మం మీద ఏముందో చదవడానికి పిల్లలు వీధి వీధీ తిరిగారు. తర్వాత రెండో ఉత్తర్వు వచ్చింది. మూలార్థం తెలుసుకుంటే చాలదు, ఆచరించాలి. ప్రతి ఇల్లూ తనకు కేటాయించిన క్రియను పుట్టినప్పటి అర్థంలోనే వాడాలి. దిగజారిన అర్థంలో వాడితే నేరం. సక్రమంగా ఆచరించిన ఇళ్ళకు క్రియా ధ్రువపత్రం ఇస్తారు. అది లేనిదే పంచాయతీలో గానీ బళ్ళో గానీ ఏ కాగితమూ పుట్టదు.

దెబ్బ మొదట కిరాణా కొట్టు పేరయ్యకు తగిలింది. అతని గుమ్మం మీది క్రియ 'సెల్'. అమ్మడం అన్నది తర్వాత వచ్చిన అర్థమట, మొదట్లో ఊరికే ఇవ్వడమట. ఉదయం ఏడింటికి కొట్టు తెరిచాడు పేరయ్య, తొమ్మిదికల్లా ఖాళీ అరలు కనిపించాయి. పప్పులు, నూనెలు పోయాయి, బెల్లం దిమ్మ పోయింది, చివరికి తక్కెడ కూడా ఎవరో పట్టుకుపోయారు. ఇక దానితో పేరయ్యకు పనిలేదు గనక ఎవరూ తప్పనుకోలేదు. ఆ సాయంత్రం అతనికి ఊళ్ళో మొట్టమొదటి ధ్రువపత్రం ఇచ్చి, మెడలో దండ వేశారు. దండ వేసుకుని పేరయ్య ఏడ్చాడు. ఆనందంతో అని రిజిస్టరులో రాశారు.

బడికి 'టీచ్' వచ్చింది. దాని మూలార్థం చూపడం. కాబట్టి టీచర్లు నోరు మెదపకూడదు, చూపించాలి. ఇంగ్లీషు చెప్పే ఎలీషా మాస్టారు ముప్పై ఏళ్ళుగా గొంతు పగిలేట్టు చెప్పినాయన. ఇప్పుడు ఆయన నల్లబల్ల దగ్గర నిలబడి కిటికీ చూపిస్తే పిల్లలు కిటికీ చూసేవాళ్ళు, గోడ చూపిస్తే గోడ చూసేవాళ్ళు. భూతకాలం చూపించమని ఆరో తరగతివాళ్ళు అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి తన బట్టతల చూపించారు.

చెరువు గట్టు గురవయ్య తాతకు 'స్టార్వ్' పడింది. ఆకలితో మాడడం అనుకుని ఒంటిపూట భోజనానికి సిద్ధమయ్యాడు పాపం. మూలం తీస్తే చచ్చిపోవడమని తేలింది. తాత కర్ర పట్టుకుని అధికారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, మామూలుగా అయితే నాకూ అంత తొందర్లేదండి."

"భయపడకండి పెద్దాయనా. శాఖ మానవత్వం లేనిది కాదు. మీరు నిజంగా చనిపోవక్కరలేదు. మరణ ధ్రువీకరణ పత్రం జతపరచిన చాలును," అన్నారు అధికారి. జతపరిచారు. తాత పేరు అన్ని జాబితాల్లోంచీ తీసేశారు. ఆ పైన రోజూ రచ్చబండ దగ్గరికి వచ్చి కూర్చునేవాడు గానీ, సచివాలయం వాళ్ళెవరూ పలకరించేవాళ్ళు కారు. పలకరిస్తే ఫైలు తిరగబడుతుంది.

ఇవన్నీ చౌడేశ్వరికి వినోదమే, తన టీసీ కోసం బడికి వెళ్ళేదాకా.

జిల్లా కేంద్రంలో ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో ఆ పిల్లకు సీటు వచ్చింది. ఈ ఇరవయ్యో తేదీలోపు టీసీతో హాజరు కావాలి. లేకపోతే సీటు జాబితాలో తర్వాతి పిల్లకు పోతుంది. వల్లూరివారిపాలెంలో దేవాంగుల ఆడపిల్ల పదో తరగతి దాటి చదవడమే అరుదు. సోమలింగం కాదనలేదు గానీ అవునని గట్టిగా అన్నదీ లేదు. ఇంట్లో తాతయ్య పోయినప్పటి నుంచీ రెండో మగ్గం గుంట ఖాళీగా ఉంది. దాని మీద చెక్క పలక వేసి ఉల్లిపాయలు పోశారు. "సీటు పోతే ఆ ఉల్లిపాయలు తీసేద్దాంలే," అన్నాడు సోమలింగం ఒకరోజు అన్నం తింటూ. అంతే అన్నాడు. ఆ రోజు నుంచీ చౌడేశ్వరి ఆ పలక వంక చూడకుండా ఇంట్లో తిరగడం నేర్చుకుంది.

హెడ్మాస్టారు మాట్లాడకూడదు గనక, గోడకు అంటించిన ఉత్తర్వు చూపించారు. క్రియా ధ్రువపత్రం లేనిదే టీసీ లేదు.

ఇంటికొచ్చి ఆ పిల్ల చెప్పింది విని మల్లేశ్వరి రాట్నం ఆపింది. "దానికేముంది, పొర్లుదాం. ఆ మాత్రం పొర్లలేమా?"

పొర్లారు. మొదటి రోజు సోమలింగం మగ్గం గుంటలోంచి లేచి, నేల మీద పడుకుని, నీళ్ళ కుండ దాకా పొర్లి, తాగి, మళ్ళీ పొర్లి వచ్చాడు. వచ్చేసరికి తాగిన నీళ్ళు కాస్తా చొక్కా మీదికొచ్చాయి. మల్లేశ్వరి పొయ్యి దగ్గర నుంచి పెరట్లోకి పొర్లుతుంటే పిల్లి భయపడి కూనల్ని ఒక్కొక్కటే నోట కరుచుకుని పక్కింటికి మార్చేసింది. పక్కింటికి కేటాయించిన క్రియ దానికి నచ్చినట్టుంది.

ఇంట్లో ఎలాగో సాగింది గానీ, వీధిలో పడుగు వచ్చేసరికి బండారం బయటపడింది. నేతకు ముందు పడుగు దారాల్ని వీధి పొడవునా చాచి గంజి పట్టాలి. ఇద్దరు చెరో పక్కనా కుంచెలు పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూనే ఉండాలి. ఎండ ఎక్కేలోపు నడక ఆగిందా, దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా తాడు కింద తయారవుతుంది. నేతవాడి బతుకంతా గుంటలో కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. దానికి ముందు మైళ్ళ కొద్దీ నడక ఉంటుంది.

అధికారి సరిగ్గా ఆ ఉదయమే వచ్చారు.

"పాదచారము, ఇద్దరు," అని సునందకు చెప్పి రాయించారు. "అందులో ఒకరు వెనుకకు కూడా నడిచినారు. అది ప్రత్యేకముగా రాయుము."

"సార్, పడుగండీ ఇది," అన్నాడు సోమలింగం, కుంచె ఆపకుండా.

"పొర్లుచూ గంజి పట్టవచ్చును కదా."

"నేను కింద పొర్లుతుంటే పైన కుంచె ఎవరు పడతారండి?"

"అది సాంకేతికాంశము. మా శాఖ పరిధిలోనికి రాదు."

"పోనీ మీరు పట్టండి సార్ కాసేపు, నేను పొర్లుతా," అన్నాడు సోమలింగం. వెటకారం కాదు, అతనికి నిజంగానే ఎండ ఎక్కుతోంది.

మర్నాడే తిరస్కరణ వచ్చింది. అయితే శాఖ మానవత్వం లేనిది కాదు గనక మరొక అవకాశం కూడా వచ్చింది. సదరు గృహంలో చదువుకున్నవారిలో అందరికన్నా చిన్నవారు, తమ గడప నుంచి గ్రామ సచివాలయం దాకా, బహిరంగంగా, మధ్యలో లేవకుండా, క్రియను మూలార్థంలో ప్రదర్శించాలి. తేదీ పద్ధెనిమిది.

ఆ ఇంట్లో చదువుకున్నది ఒక్కరే. కాగితం చదివింది కూడా ఆ పిల్లే. చదివి, మడిచి, దుప్పటి వెనక్కి వెళ్ళి నిలబడింది.

"రావే ఇవతలికి," అంది మల్లేశ్వరి. "ఎంతసేపు నుంచుంటావ్?"

"నేను కాలేజీకి పోను," అంది దుప్పటి.

సచివాలయానికి దారి పొడవునా ఊరుంది. రెండు వీధులు, టీ కొట్టు, ఆటోలు ఆగేచోటు, చదువు మానేసి ఆ ఆటోల్లో కూర్చునే తన తరగతి మగపిల్లలు. అన్నిటినీ దాటుకుని పొర్లుకుంటూ పోవడమంటే, ఆ పిల్లకు గురవయ్య తాత క్రియే నయమనిపించింది.

మధ్యాహ్నం ఎలీషా మాస్టారి ఇంటికి వెళ్ళింది. వెళ్ళి అరుగు ముందు నిలబడింది. ఆ పిల్ల మామూలుగానే మాట్లాడదు, మాస్టారు మాట్లాడకూడదు. చివరికి చౌడేశ్వరి ఉత్తర్వు కాగితం చూపించింది. మాస్టారు చదివి, లోపలికి వెళ్ళి, మడత మంచమంత నిఘంటువు తెచ్చి, పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టారు. అదే క్రియ. పొర్లడం కింద ఇంకో పాత అర్థం ఉంది. నేసిన ఉన్ని గుడ్డ గట్టిపడడానికి తడిపి, తొట్టెలో వేసి కాళ్ళతో తొక్కడం. ఆ పని చేసేవాళ్ళను ఆ పేరుతోనే పిలిచేవారట.

చౌడేశ్వరి తలెత్తింది. మాస్టారు రెండు కాళ్ళూ ఎత్తెత్తి వేస్తూ అరుగు మీద తొక్కి చూపించారు. ఇదీ పాత అర్థమే గనక అధికారి కాదనలేరు, ఇక ఇల్లు దాటనక్కరలేదు. పెరట్లో, గోడ చాటున, తొట్టెలో నిలబడి ఒక గుడ్డ తొక్కితే చాలు. ఆ పిల్ల ఇంటికి పరుగెత్తింది. దారిలో అది నేరమని గుర్తొచ్చినా ఆగలేదు.

మల్లేశ్వరి వెంటనే తొట్టె కడగడానికి లేచింది. రామలింగమ్మ లేవలేదు.

"గుడ్డ తొక్కడమా?" అంది.

"పాత గుడ్డే అత్తయ్యా. చిరిగిపోయింది తొక్కుదాం."

"చిరిగితే గుడ్డ కాకుండా పోద్దా? పొరపాటున పోగుకి కాలు తగిల్తేనే కళ్ళకద్దుకుంటాం. నా మొగుడు ప్రాణం పోయే ముందు కూడా పక్కమీది దుప్పటి కాలికింద పడితే తీసి పైన పెట్టమన్నాడు. ఇప్పుడు నా ఇంట్లో, కాగితం కోసం, నిలబడి తొక్కుతారా? తొక్కండి. ముందు నన్ను తొక్కండి."

ఆ మాటతో తొట్టె సంగతి ముగిసింది. చౌడేశ్వరి ఏడవలేదు. ఉల్లిపాయల పలక దగ్గరికి వెళ్ళి, మొదటిసారి దాని వంక తిన్నగా చూసి, ఒక్కో ఉల్లిపాయే తీసి బుట్టలో వేయడం మొదలెట్టింది.

రామలింగమ్మ చాలాసేపు ఆ చేతుల్నే చూసింది.

"ఆపవే," అంది చివరికి. "నువ్వు పొర్లడానికి సిగ్గా, నవ్వుతారని సిగ్గా?"

"నవ్వుతారని."

"అట్టయితే నవ్వకుండా చేస్తే పొర్లుతావా?"

ఆ పిల్ల ఊపీ ఊపనట్టు తల ఊపింది. రామలింగమ్మకు అది చాలు.

పద్ధెనిమిదో తేదీ ఉదయం వీధి చివర డప్పు మోగింది. తెల్లారగట్లే రామలింగమ్మ ఇల్లిల్లూ తిరిగి, తన మనవరాలు చౌడమ్మ తల్లికి పొర్లుదండాలు మొక్కుకుందని చెప్పి వచ్చింది. ఎందుకు మొక్కుకుందని గానీ, పొర్లడం గుడికి కాక సచివాలయానికేమిటని గానీ ఎవరూ అడగలేదు. మొక్కు సంగతి అలా అడగకూడదు. పసుపు నీళ్ళలో ముంచిన తడి చీర చుట్టి, ముఖానికి దళసరిగా పసుపు పూసి, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, చేతుల మధ్య వేపమండ ఇచ్చి, గడప దగ్గర పడుకోబెట్టింది.

"కళ్ళు మూసుకో. దారి నేను చూస్తాను," అంది చెవిలో.

పొర్లడం మొదలైంది. ఆడవాళ్ళు ముందుకొచ్చి బిందెలతో నీళ్ళు కుమ్మరించి దారి తడిపారు. ఎవరో రాళ్ళు ఏరేశారు. టీ కొట్టతను స్టవ్వు కట్టేసి దణ్ణం పెట్టాడు. ఆటోల్లో మగపిల్లలు నవ్వబోయేసరికి వాళ్ళ తల్లులే వచ్చి నెత్తిన మొట్టారు. వాళ్ళు కిందికి దిగి చెప్పులు విప్పి నిలబడ్డారు. రెండో వీధి మలుపు తిరిగేసరికి ఊరు సగం వెనక ఉంది. పేరయ్య కొబ్బరికాయ ఇచ్చాడు. అతని కొట్లో మిగిలింది అదొక్కటే.

చౌడేశ్వరికి ఆకాశం, మట్టి, ఆకాశం, మట్టి. కళ్ళు మూసుకున్నా రెంటి రంగూ తెలుస్తూనే ఉంది. తనను ఊరంతా చూస్తోంది, అయినా ఎవరూ తనను చూడడం లేదు. దుప్పటి వెనక కూడా ఆ పిల్ల ఎప్పుడూ ఇంత బాగా దాక్కోలేదు.

సచివాలయం మెట్ల మీద అనంతపద్మనాభం గారు నిలబడి ఉన్నారు. డప్పులతో, హారతితో ఊరు తన మీదికి వస్తుంటే ఒకడుగు వెనక్కి వేశారు. అంతలో పొర్లుతూ వచ్చిన పిల్ల ఆయన కాళ్ళ ముందు ఆగింది. పేరయ్య ఆయన బూట్ల దగ్గరే కొబ్బరికాయ కొట్టాడు. ఎవరో ఆయన చేతిలో అరటిపళ్ళు పెట్టారు. పద్ధతి ప్రకారం ఇద్దరు ముసలమ్మలు ఆయన చుట్టూ ప్రదక్షిణం కూడా చేశారు.

"క్రియ ప్రజలలోనికి ఇంతగా చొచ్చుకొని పోవునని పై అధికారులు సైతము ఊహించియుండరు," అన్నారాయన అరటిపళ్ళు గుండెకు హత్తుకుని.

"సంతకం పెట్టు నాయనా," అంది రామలింగమ్మ.

సంతకం అంత తేలిక కాదు. ఆయన కార్యాలయానికి కేటాయించుకున్న క్రియ 'రైట్'. మూలార్థం గీయడం, గోకడం. కలం నిషేధం. అందుకని ధ్రువపత్రాన్ని కడప బండ మీద మేకుతో గీకాలి. నలుగురు మనుషులు మూరెడు బండ తెచ్చి పెడితే ఆయన చొక్కా చేతులు మడిచి, గంటన్నర గీకారు. తర్వాత, నకళ్ళు మూడు జతపరచాలన్న నియమం ఉంది గనక ఇంకో మూడు బండలు గీకారు. సాయంత్రానికి చేతివేళ్ళు బొబ్బలెక్కాయి గానీ ముఖంలో తృప్తి తగ్గలేదు. నాలుగు బండలూ రిక్షా బండి మీద బడికి చేరాయి. హెడ్మాస్టారు వాటిని తట్టి చూసి, కుళాయి దగ్గర వేయించుకుని, టీసీ ఇచ్చారు. అది మామూలు కాగితమే. బడికి 'రైట్' రాలేదు.

పంతొమ్మిదో తేదీ ఉదయం ఏడున్నరకు బస్సు. ఊరి బయట వంతెన దగ్గర ఆగుతుంది. సోమలింగం రేకుపెట్టె తుడిచి తాడు కట్టి అరుగు మీద పెట్టాడు. కట్టిన తాడుకే మళ్ళీ ఇంకో ముడి వేశాడు. మల్లేశ్వరి పులిహోర పొట్లం కట్టింది. చౌడేశ్వరి తలదువ్వుకుని, ఉతికిన పరికిణీ కట్టుకుని, పెట్టె పక్కన నిలబడింది.

అప్పుడు వీధి మలుపులో జీపు కనిపించింది.

ముందు చూసింది రామలింగమ్మ. "పడుకోండ్రా," అంది లోపలికి తిరిగి. సోమలింగం, మల్లేశ్వరి గబగబా లోపల నేల మీద పడుకుని పొర్లడం మొదలెట్టారు. చౌడేశ్వరికి పడుకోవడానికి వ్యవధి లేకపోయింది. పడుకున్నా, పెట్టె పట్టుకుని వంతెన దాకా ఎలా పొర్లడం? నడిస్తే జీపులోవాళ్ళు చూస్తారు. చూస్తే ధ్రువపత్రం రద్దు, దానితో టీసీ రద్దు. బస్సుకు ఇంకా పావుగంట ఉంది.

అనంతపద్మనాభం గారు బొబ్బలకు గుడ్డ చుట్టుకున్న చేతులతో దిగారు. వెనక సునంద రిజిస్టరుతో దిగింది. "ఈ గృహమును జిల్లాకు ఆదర్శ గృహముగా ప్రకటించుటకు వచ్చితిమి," అన్నారాయన. తలుపులోంచి లోపల పొర్లుతున్న దంపతుల్ని చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత అరుగు మీదికి చూపు తిప్పారు.

"ఈ పాప ఎవరు? కాళ్ళ మీద నిలబడి యున్నదేమి?"

పసుపూ మట్టీ కడిగేసిన ఆ ముఖాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. సునంద చూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఆవిడ రిజిస్టరులో ఏదో అత్యవసరమైన పేజీ వెతకడం మొదలెట్టింది.

"ఎవరో తెలీదు బాబూ," అంది రామలింగమ్మ గడప లోపలి నుంచి. "దారిన పోతా మంచినీళ్ళడిగింది."

"ఈ గృహ సభ్యురాలు కాదా?"

"మా ఇంట్లోవాళ్ళు ఇట్టా నుంచుంటారా బాబూ?"

అధికారి ఆ వాదనలో లోపం వెతికారు, దొరకలేదు. "అయినచో నడవవచ్చును," అని ఒప్పుకుని, మళ్ళీ ఎందుకో చౌడేశ్వరి వైపు తిరిగారు. "ఏ ఊరమ్మా నీది? మీ ఇల్లెక్కడ?"

పదహారేళ్ళలో ఏ అధికారికీ జవాబు చెప్పని ఆ పిల్లకు ఎందుకో అప్పుడే చెప్పాలనిపించింది. అబద్ధమాడడం రాదు, నిజం చెబితే బస్సు పోతుంది. పెట్టె తాడు చేతికి చుట్టుకుని, తలుపు వంక చూసింది. లోపల అమ్మ పొర్లడం ఆపి, నేల మీద నుంచే తననే చూస్తోంది. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, వీపు కదులుతోంది.

"మా..." అంది చౌడేశ్వరి.

"నీళ్ళు తాగావుగా తల్లీ, ఇంక నీ దారిన నువ్వు పో. ఇది పొర్లేవాళ్ళ ఇల్లు," అని, రామలింగమ్మ రెండు తలుపులూ దగ్గరికి లాగి, లోపల గడియ పెట్టుకుంది.